మిగ్-21 ముక్కులో శంకువు ఎందుకు కదులుతుంది? రెక్క కోణం ఎలా కొలవాలి?

జయపురం లెక్కల మాస్టారు:
బడిలో సైన్స్ ప్రదర్శనకి పిల్లలు థర్మాకోల్‌తో మిగ్-21 యుద్ధవిమానం బొమ్మ చేస్తున్నారు, 1:10 కొలతలో. ఈ విమానాలకి పని చేసిన కర్మాగారం ఉన్న సునాబెడ పక్కనే ఉంది కాబట్టి ఈ విమానం తప్పుల్లేకుండా రావాలని పట్టుదల. మూడు సందేహాలు. ముక్కు రంధ్రంలోని శంకువు ముందుకీ వెనక్కీ జరుగుతుందంటారు, ఎందుకు? రెక్క 57 డిగ్రీలని కోస్తే పొట్టిగా, బండగా వస్తోంది, ఫొటోల్లో అలా లేదు. "విమానం మొత్తం సునాబెడలోనే తయారైంది" అని బోర్డు రాయొచ్చా?

సునాబెడ ఇంజన్:
మాస్టారూ, ముందు రెక్క. ఆ 57 డిగ్రీలు విమానం నడుం గీత (ముక్కు నుంచి తోకకి మధ్యగా గీసేది) నుంచి కొలిచేవి కావు, నడుముకి అడ్డంగా గీసిన గీత నుంచి కొలవాలి. అంటే నడుం గీతతో ముందంచు చేసే కోణం 33 డిగ్రీలే. పిల్లలు కోణమానిని నడుం మీద పెట్టి 57 గీసి ఉంటారు, అందుకే బండగా వచ్చింది.

అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకి 7.15 మీటర్లు, మీకు 71.5 సెం.మీ. నడుం గీత మీద రెక్క మొదలు వెడల్పు దాదాపు 60 సెం.మీ. పెట్టుకోండి. వెనకంచు తిన్నగా అడ్డంగా ఉంటుంది, వాలు ఉండదు. కొస మొన తేలదు, 4.6 సెం.మీ. వెడల్పున తెగ్గోసి ఉంటుంది. సరిపోయిందో లేదో విస్తీర్ణంతో చూసుకోండి: అసలుది 23 చదరపు మీటర్లు, మీది ఒంట్లో దాగిన భాగంతో కలిపి 2,300 చదరపు సెం.మీ. రావాలి. మందం మొదట్లో రెండున్నర సెం.మీ., కొసకి వచ్చేసరికి 2 మి.మీ. పైచిలుకే. థర్మాకోల్ అంత పలచగా నిలవదు, కొసలకి అట్ట వాడండి.

బోర్డు మాత్రం అలా రాయకండి. సునాబెడలో తయారైంది ఇంజను. ఒళ్ళూ రెక్కలూ నాసిక్ దగ్గర ఓఝర్‌లో, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌లో. మూడూ ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్‌వే. మన దేశంలో తయారైన మిగ్-21లు 657. ఇంజను బొమ్మ కూడా పెడితే, పాత ఆర్-11 ఇంజనుకి కంప్రెసర్ (గాలిని నొక్కి లోపలికి పంపే బ్లేళ్ళ చక్రాలు) వరసలు 3+3, తర్వాతి బిస్ రకంలోని ఆర్-25కి 3+5. ముందు మూడూ ఒక ఇరుసు మీద, వెనకవి ఇంకో ఇరుసు మీద తిరుగుతాయి. పిల్లలు అన్నిటినీ ఒకే కడ్డీకి గుచ్చేస్తారు, అది చూసుకోండి.

రాయగడ గాలివాటం:
శంకువు సంగతి నేను చెప్తాను. ధ్వనిని మించి వచ్చే గాలిని ఈ కంప్రెసర్ బ్లేళ్ళు తట్టుకోలేవు, వాటిని చేరేలోపే దాని వేగం ధ్వని కంటే బాగా కిందికి దిగాలి. శంకువు మొన దగ్గర వాలుగా ఒక షాక్ (గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే పలచటి పొర) పుట్టి గాలి కొంత నెమ్మదిస్తుంది. రంధ్రం పెదవి దగ్గర నిటారుగా ఇంకో షాక్, అక్కడ ధ్వని వేగం కిందికి దిగుతుంది. విమానం వేగం పెరిగేకొద్దీ వాలు షాక్ శంకువు వైపు ముడుచుకుంటుంది. శంకువు కదలకపోతే ఆ షాక్ పెదవి దాటి లోపల పడుతుంది, ప్రవాహం అదిరి ఇంజను సర్జ్ అవుతుంది (లోపలి గాలి వెనక్కి తన్నుతుంది), ఆరిపోనూవచ్చు. అందుకని శంకువు ముందుకు జరిగి షాక్‌ని పెదవి దగ్గరే నిలబెడుతుంది. తొలినాటి ఎఫ్-13 రకంలో మూడే మెట్లు: మాక్ 1.5 (ధ్వని వేగానికి ఒకటిన్నర రెట్లు) దాకా లోపల, 1.9 దాకా మధ్యలో, ఆపైన పూర్తిగా బయటికి. తర్వాతి పీఎఫ్ రకం నుంచి మెట్లు తీసేసి వేగాన్నిబట్టి సాఫీగా జరిగేలా చేశారు.

పిల్లలకి దారంతో చూపించండి. మాక్ 1.5కి వాలు షాక్ కోణం 42 డిగ్రీలు, మాక్ 2కి 30 (సైన్ విలువ 1/మాక్). పెదవి వ్యాసార్ధం 4 సెం.మీ. అనుకుంటే మొన మొదటిదానికి 4.5, రెండోదానికి 6.9 సెం.మీ. బయట ఉండాలి. మొన నుంచి పెదవికి దారం లాగితే కోణం కళ్ళకి కడుతుంది. నిజం శంకువు ముందు షాక్ ఇంకాస్త విప్పారి ఉంటుంది, కాబట్టి ఈ కొలతలు సూత్రం చూపడానికే.

ఇంకోటి, పీఎఫ్ నుంచి లక్ష్యాన్ని వెతికే రాడార్ ఆ శంకువులోనే కూర్చుంది. శంకువు ఎంతో రాడార్ అంతే. ఈ విమానం చూపు ఎప్పుడూ దగ్గరదే కావడానికి మూలం అక్కడుంది.

పర్లాకిమిడి రన్‌వే:
బోర్డు మీద, ప్రమాదాల వల్ల వచ్చిన "ఎగిరే శవపేటిక" అన్న మాట రానివ్వకండి మాస్టారూ, అది అన్యాయం. ఎత్తుకి గబగబా ఎక్కి బాంబర్‌ని అడ్డుకోవడానికి పుట్టిన రెక్క అది. అంత పలచటి త్రికోణం తక్కువ వేగంలో విమానాన్ని మోయలేదు, అందుకే దిగే వేగం ఎక్కువ. పీఎఫ్‌ఎం రకం నుంచి కంప్రెసర్ గాలిని ఫ్లాపుల (రెక్క వెనకంచున దిగేటప్పుడు కిందికి వంగే పలకల) మీదికి ఊదే ఏర్పాటు పెట్టారు. అయితే దిగేటప్పుడు థ్రాటిల్ (ఇంజను జోరు) బాగా తగ్గిస్తే ఊదే గాలీ తగ్గి విమానం ఒక్కసారిగా కుంగుతుంది. ఇంజను చురుగ్గా ఉంచుకునే దిగాలి. మన దగ్గర హాక్ శిక్షణ విమానం వచ్చింది 2008లో. అప్పటిదాకా కుర్ర పైలట్లు నెమ్మది విమానాల నుంచి నేరుగా దీనిలోకి ఎక్కారు. ప్రమాదాల లెక్కలో ఆ సంగతి కూడా రాయాలి. 1963లో చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌తో మొదలై, 2025 సెప్టెంబర్ 26న అదే చండీగఢ్‌లో సెలవు తీసుకుంది.

జయపురం లెక్కల మాస్టారు:
అందరికీ నమస్కారాలు. 33 డిగ్రీలతో మళ్ళీ గీయించాను, విస్తీర్ణం 2,309 వచ్చింది. టైప్ 77, అంటే ఎఫ్‌ఎల్ రకమే చేస్తున్నాం. తుపాకీ ఎక్కడ అతికించాలి?

సునాబెడ ఇంజన్:
ఎఫ్‌ఎల్‌కి ఒంట్లో తుపాకీ లేదు మాస్టారూ, వచ్చింది గాలిలో విమానాల్ని కొట్టే రెండు కె-13 క్షిపణులతోనే. ఆ లోటు తెలిసొచ్చాక 1971 యుద్ధానికి ముందే పొట్ట కింద రెండు గొట్టాల 23 మి.మీ. జీఎస్‌హెచ్-23 తుపాకీ ఉన్న పాడ్ (బయట తగిలించే తొట్టి) తగిలించారు, 200 గుళ్ళు. పాడ్ పెడితే పొట్ట కింద అదనపు ఇంధనం ట్యాంకు పెట్టకండి, రెండిటికీ చోటు ఒకటే.