సంతకం పెట్టింది గడ్డకి, తీసింది గర్భసంచిని కూడా

మాది చిత్తూరు. అక్కకు 43 ఏళ్లు. అండాశయంలో నీటిగడ్డ ఉందంటే తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాప్రోస్కోపీకి (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) చేర్చాం. ఆపరేషన్ మధ్యలో నర్సు ప్యాడ్ పట్టుకుని బయటికొచ్చి బావ చేత సంతకం పెట్టించుకుపోయింది, చదివే టైమే ఇవ్వలేదు. మత్తు దిగాక తెలిసింది, గర్భసంచి కూడా తీసేశారని. అడిగితే డాక్టరు "ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంక దాంతో పనేముంది" అన్నాడు. ఇలా చేయొచ్చా?

జవాబు 1
చేయకూడదు. సమీరా కోహ్లీ కేసులో ఇంచుమించు ఇదే జరిగింది. ఆమె మత్తులో ఉండగా బయట తల్లి చేత సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ సంతకం చెల్లదని, స్పృహలోకి వచ్చాక ఆమెనే అడగాల్సిందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం మాత్రం 25 వేలే, అది వేరే బాధ.

జవాబు 2
థియేటర్ నర్సుని. రక్తం ఆగక ప్రాణం మీదికొస్తే ఎవరినీ అడగకుండానే చేస్తారు, చేయాలి కూడా. కానీ బయటికొచ్చి సంతకం పెట్టించుకునేంత టైం ఉందంటే, అక్క లేచేదాకా ఆగే వీలుందేమో చూడాలి కదా. ఆపరేషన్ నోట్స్‌లో ఏం రాశారో ముందు అది చూడండి అన్నా.

జవాబు 3
రికార్డులు రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. బయాప్సీ రిపోర్టు మర్చిపోవద్దు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే గడువు రెండేళ్లు.

అడిగినవారు
నోటితో అడిగితే సోమవారం రమ్మన్నారు. ఈసారి కాగితం మీద రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని వస్తాను.