ఇద్దరికి ఒక్క డైవ్ కంప్యూటర్ చాలదా?

మిర్యాలగూడ పిల్లోడు:
వచ్చే నెల బావమరిదితో అండమాన్ పోతున్నాను. స్కూబా కోర్సు ఇద్దరికీ అయిపోయింది. డైవ్ కంప్యూటర్ ఒకటి కొన్నాం. రెండోదానికి మళ్లీ 30 వేలు పెట్టాలా? ఈదేది పక్కపక్కనే కదా. రోజు విడిచి రోజు కట్టుకుంటే సరిపోదా?

పాలమూరు టెక్:
సరిపోదు. అది వాచీ కాదు. నీటి పీడనం, గడిచిన టైమ్ చూసుకుంటూ ఒంట్లో నత్రజని ఎంత చేరి ఉంటుందో లెక్క కడుతుంది. అది ఎక్కువ చేరాక తొందరగా పైకొస్తే ఒంట్లో బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తాయి. చాలా కంప్యూటర్లు వాడే బ్యూల్మన్ లెక్కలో ఒంటిని 16 భాగాలుగా ఊహిస్తారు. కొన్ని నిమిషాల్లో నిండుతాయి, కొన్నిటికి గంటలు పడుతుంది. నిన్న బావమరిది కట్టుకున్నది ఇవాళ నువ్వు కట్టుకుంటే, అది చూపించేది అతని నత్రజని. నువ్వు అతని కంటే 3 మీటర్లు కిందికి పోయినా దానికి తెలియదు.

సాగర్ గజ ఈత:
దండగ తమ్ముడూ. సాగర్‌లో 22 ఏళ్లు దిగాను. లోతెంతో చెవులు చెప్తాయి, తాడుకు ముడులుంటాయి. ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని బురద నీళ్లలో తడుముకుంటూ వెతికేటప్పుడు మణికట్టు ఎవడు చూస్తాడు? మూరెడు దూరం కనపడదు.

కొల్లాపూర్ పుట్టి:
సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు కాకా, మామూలు గాలే.

సాగర్ గజ ఈత:
నింపేటోడు కూడా ఆక్సిజన్ అనే అంటాడు.

పాలమూరు టెక్:
పేరేదైనా అందులో 79 శాతం నత్రజని, గొడవంతా దానితోనే. కోర్సు పట్టిక ప్రకారం 18 మీటర్ల లోతుకు పోతే మించకూడని టైమ్ 56 నిమిషాలు, 30 మీటర్లకు 20 నిమిషాలే. రెండోసారి దిగితే అవీ తగ్గుతాయి. చెవులు లోతు చెప్తాయేమో, ఈ నిమిషాలు చెప్పవు.

హాలియా:
సాగర్‌వి మంచినీళ్లు. ఉప్పునీళ్లకు సెట్ చేసిన కంప్యూటర్ లోతు తప్పు చూపిస్తుంది. దాన్నెలా నమ్మాలి?

పాలమూరు టెక్:
తేడా 3 శాతం. 30 మీటర్లకు మీటరు కూడా రాదు. నత్రజని లెక్క నడిచేది పీడనం మీద.

హాలియా:
తప్పు తప్పే కదా. మరి ఎత్తు సంగతి? ఇది సముద్రం కాదు, డ్యాం.

పాలమూరు టెక్:
సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. శ్రీశైలం 885 అడుగులు, 270 మీటర్లు. ఎత్తు లెక్కలోకి వచ్చేది 300 మీటర్లు దాటాకే. అయినా ఆ పిల్లోడు అడిగింది అండమాన్ గురించి.

హాలియా:
నేను అడిగింది సాగర్ గురించి.

నకిరేకల్ అక్క:
మాతో వచ్చిన ఒకబ్బాయి కంప్యూటర్ ఊరికే మోగుతోందని విసుక్కున్నాడు. పైకి తొందరగా పోతున్నావని చెప్పడానికే అది మోగేది! నిమిషానికి 9 మీటర్లు మించొద్దని, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమని మాకు చెప్పారు. తిరుగు ఫ్లైట్ కూడా చూసుకో తమ్ముడూ. వరుసగా డైవ్‌లు చేస్తే 18 గంటలైనా ఆగి ఎక్కాలి.

సాగర్ గజ ఈత:
అందరూ చదివి చెప్పేటోళ్లే. ఒకరోజు నన్ను నాలుగుసార్లు దించారు. ఆ రోజు కంప్యూటర్ ఉంది, అంతా బాగుందన్నట్టు పచ్చ గీతలే చూపించింది. రాత్రికి భుజం పట్టేసింది, అన్నం కలుపుకోలేకపోయాను. ఆస్పత్రిలో వాతం అని సూదేసి పంపారు. ఇప్పటికీ కుడిచేయి చెవి దాటి లేవదు. ఇప్పుడు చెప్పు నీ 16 భాగాల కథ.

పాలమూరు టెక్:
నాలుగుసార్లూ మీ చేతికే ఉందా?

సాగర్ గజ ఈత:
మూడుసార్లు పెట్టెలో ఉంది. పెద్దసారు వచ్చాక నాలుగోసారి కట్టారు, ఫొటోల కోసం.

పాలమూరు టెక్:
మరింకేం! దాని లెక్కలో అది మీకు మొదటి డైవ్. పచ్చ చూపించక ఏం చేస్తుంది? నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే కదా.

సాగర్ గజ ఈత:
నువ్వు గెలిచినవులే. మిషన్ తప్పు కాదని చెప్పుకోవడానికి ఎంత ఆత్రం నీకు! నా చెయ్యి పోయిందని రాస్తే నువ్వు దాన్ని వెనకేసుకొస్తున్నావు. ఆ రోజు ఎన్నిసార్లు దిగానో, ఎంతసేపున్నానో రాసుకున్నోడు లేడు. కంప్యూటర్ మంచిది కాదని నేనెందుకంటా? 22 ఏళ్లలో ఇది నీదిరా అని ఒక్కటి ఇయ్యలేదు. ఇయ్యనిదాన్ని అక్కర్లేదని చెప్పుకుంటూ దిగినం.

పాలమూరు టెక్:
తప్పుగా అనుకోకండి కాకా. అది వాతం కాదు, నత్రజని బుడగల పనే అయ్యుంటుంది. ఆ రాత్రే ఆక్సిజన్ పెట్టి, ఆ బుడగలు కరిగించే పీడన గది ఉన్న చోటికి పంపాల్సింది మిమ్మల్ని.

కొల్లాపూర్ పుట్టి:
ఈసారి నిజం ఆక్సిజనే.

నకిరేకల్ అక్క:
ఇప్పుడా జోకులు?

మిర్యాలగూడ పిల్లోడు:
అక్కడి డైవ్ షాపుకి ఫోన్ చేశాను, కంప్యూటర్లు అద్దెకిస్తారట. బావమరిదికి మొదటి డైవ్ నుంచి చివరి డైవ్ దాకా ఒక్కటే కావాలని, మధ్యలో ఇంకొకరికి ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను.

హాలియా:
మంచినీళ్ల సెట్టింగ్ ఉందా అని అడిగావా?