హాబీ ఫొటోలు ప్లాన్ చేసి తీయించుకుంటే అది నటనేనా?

పాతరేడియో (చర్చ మొదలుపెట్టినవారు)

నాకు 31 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పాత వాల్వ్ రేడియోలు, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు గాజు వాల్వులతో నడిచినవి, బాగుచేయడం నా హాబీ. ఆదివారం ఎర్రగడ్డ సంతకు వెళ్ళి మూగబోయిన సెట్టు ఏదైనా దొరుకుతుందేమో చూస్తాను. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు కొనుక్కొచ్చి రాత్రిళ్ళు కూర్చుని మారుస్తాను. ఈ మధ్య హింజ్ అనే డేటింగ్ యాప్‌లో ప్రొఫైల్ పెడదామని ఫోన్‌లో ఫొటోలు వెతికాను. ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో గ్రూపు ఫొటోలు, ఆఫీసు పార్టీలవి. రేడియోల ఫొటోలు బోలెడున్నాయి, వాటిలో నేను లేను. ఒక్కడినే కూర్చుని చేసే పనికి ఫొటో ఎవరు తీస్తారు?

కెమెరా ఉన్న స్నేహితుడు ఒక ఆదివారం నాకోసం ఖాళీ చేసుకుంటానన్నాడు. మూడు ఫొటోలు అనుకున్నాం. బల్ల దగ్గర సోల్డరింగ్ చేస్తూ ఒకటి, ఎర్రగడ్డ సంతలో ఒకటి, బాల్కనీలో బాగుచేసిన రేడియో పక్కన పెట్టుకుని పుస్తకం చదువుతున్నట్టు ఒకటి. ఇది విన్న ఇంకో స్నేహితురాలు, "కెమెరా కోసం రేడియో విప్పితే అది హాబీ కాదు, షూటింగ్" అంది. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మీరేమంటారు?

కాకినాడ_కాజా

మీ స్నేహితురాలి మాటే నా మాటా. ప్లాన్ చేసిన హాబీ ఫొటోలు చూసీ చూసీ విసుగొచ్చింది. అనంతగిరి కొండల మీద చేతులు చాచి వీపు చూపిస్తూ ఒకటి, గిటార్ ఒళ్ళో పెట్టుకుని కిందికి చూస్తూ ఒకటి, కాఫీ కప్పు పక్కన బోర్లించిన పుస్తకంతో ఒకటి. మనుషులు మారుతున్నారు, ఫొటోలు మారడం లేదు.

నేను చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకున్నాను. అందుకే ఒక గిటార్ ఫొటో చూసి నేనే ముందు పలకరించాను. ఏ తీగలు వాడతారని అడిగితే, ఆ గిటార్ రూమ్మేట్‌దని తేలింది. అతను చెడ్డవాడని అనను. కానీ సంగీతం తెలిసిన మనిషి దొరికాడని నేను సంబరపడ్డాను కదా, ఆ ఆశ పెట్టింది ఆ ఫొటోనే.

ఈ పోజుల పిచ్చి ఎంత దూరం పోతుందంటే, 2017లో టిండర్ డేటింగ్ యాప్ సంస్థే పులులతో దిగిన సెల్ఫీలు తీసేయండని జనాన్ని అడగాల్సి వచ్చింది. జంతువులను హింసించే చోట్ల దిగిన ఫొటోలవి. దిగినవాళ్ళలో పులులను పెంచేవాళ్ళెవరూ లేరు. నా ఓటు మాత్రం దానంతట దొరికిన ఫొటోకే. మసకగా ఉన్నా సరే.

కెమెరా_బాబాయ్

విజయవాడలో పెళ్ళి ఫొటోలు తీస్తాను. కాజా గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. కాకపోతే ఆ కోపం అరువు గిటార్ మీద ఉండాలి, ప్లాన్ మీద కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ప్లాన్ లేని ఫొటో నిజమే చెబుతుందన్న నమ్మకం ముందు వదులుకోవాలి. 2018లో జామా ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ అనే వైద్య పత్రికలో ఒక లెక్క వచ్చింది. ముఖానికి 12 అంగుళాల దూరంలో ఫోన్ పట్టుకుని సెల్ఫీ తీసుకుంటే, 5 అడుగుల నుంచి తీసినదాని కంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. ఎదుటి మనిషి మిమ్మల్ని కలిసినప్పుడు అడుగు దూరం నుంచి చూడరు. అప్పటికప్పుడు తీసుకున్న సెల్ఫీ కంటే, ఒకరిని పిలిచి అయిదడుగుల దూరంలో నిలబెట్టి తీయించుకున్న ఫొటోనే మీ ముఖానికి దగ్గరగా ఉంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే సంగతి. కొన్ని హాబీలకు ఫొటోలు వాటంతటవే పుడతాయి. ట్రెక్కింగ్, డాన్స్, రుషికొండలో సర్ఫింగ్ లాంటివాటికి పగటి వెలుతురు ఉంటుంది, పక్కన నలుగురుంటారు, ఎవరో ఒకరు క్లిక్‌మనిపిస్తారు. గదిలో ఒంటరిగా చేసేవాటికి ఆ భాగ్యం లేదు. కుట్టుపని, చదరంగం, పద్యాలు అల్లడం, గులాబీలకు అంట్లు కట్టడం, ఈ రేడియో రిపేరు ఎవరి కంట పడతాయి? దొరికిన ఫొటోలే పెట్టాలని నియమం పెడితే, ఖర్చుపెట్టి నలుగురితో తిరిగే హాబీలున్నవాళ్ళే కనబడతారు. మిగతావాళ్ళు పెళ్ళి గ్రూపు ఫొటోలో మూడో వరసలో ఉండిపోతారు. అది న్యాయం కాదు.

పాతరేడియో గారూ, ఆ ఆదివారం నిజంగానే పలకని సెట్టు ఒకటి బల్ల మీద పెట్టుకుని పనిలో దిగండి. మొదటి అరగంట కెమెరా సంచిలోంచి తీయొద్దని మీవాడికి చెప్పండి. పని పట్టాలెక్కాక మీరు అతన్ని పట్టించుకోరు, అప్పుడు మొదలుపెట్టాలి. ట్యూబ్‌లైట్ ఆపేసి బల్లను కిటికీ పక్కకు జరపండి. ఫోన్‌తో తీస్తే 0.5 వైడ్ వద్దు, అంచున ఉన్న ముఖం సాగిపోతుంది. 2ఎక్స్ పెట్టి వెనక్కి జరిగి తీయాలి. డయల్ దీపం వెలుగు పడాలంటే పొద్దుగూకాక, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని ఏ డబ్బాకో ఆనించి తీయమనండి. వైరు ముక్కలూ టీ గ్లాసూ ఎక్కడివక్కడే ఉండనివ్వండి.

ఇంటర్నెట్‌లో సోల్డరింగ్ ఐరన్‌ని కాలే వైపు పట్టుకుని నవ్వే మోడళ్ళ ఫొటోలున్నాయి. పని తెలిసినవాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు. మీకు ఆ ఇబ్బంది ఉండదు. ఒక్క జాగ్రత్త: ప్లగ్గు పెట్టి ఉన్న వాల్వ్ సెట్టు లోపల పోజు కోసం చేయి పెట్టకండి. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు. ఈ సంగతి మీకు తెలుసు, "ఇంకొంచెం లోపలికి పెట్టరా" అనే మీ స్నేహితుడికి తెలియకపోవచ్చు.

కాకినాడ_కాజా

బాబాయ్ గారూ, ఒంటరి హాబీల గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను, నేను అటువైపు ఆలోచించలేదు. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. "వైరు ముక్కలు ఉండనివ్వండి" అన్నారు. చిందరవందరగా ఉంటే నమ్ముతారని వదిలేస్తే, అదీ చూసేవాళ్ళ కోసం చేసిన ఏర్పాటే కదా?

న్యూయార్క్‌లో 80 మంది ఆన్‌లైన్ డేటింగ్ వాడేవాళ్ళను పిలిచి, ఎత్తు కొలిచి, బరువు తూచి, లైసెన్సులో వయసు చూసి చేసిన పరిశోధన ఒకటి 2008లో వచ్చింది. 81 శాతం మంది ఆ మూడింటిలో కనీసం ఒకటి తప్పు రాశారు. పెద్ద అబద్ధాలు కావు, చిన్న చిన్న తేడాలే ఎక్కువ. అదే బృందంవాళ్ళు మరుసటి ఏడు ఫొటోల సంగతి చూస్తే, మూడో వంతు ఫొటోలు మనిషికి సరిగ్గా సరిపోలేదని తేలింది. నా భయం ఇదే. ఎవరూ మోసం చేద్దామని బయల్దేరరు. కిటికీ వెలుతురుతో మొదలవుతుంది, తర్వాత కొత్త చొక్కా, ఆ తర్వాత చదవని పుస్తకం.

పాతరేడియో గారూ, మూడో ఫొటోలో పుస్తకం ఎందుకు పెట్టారు? మీరు పుస్తకాలు చదువుతారా?

నర్సాపురం_మాస్టారు

రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. ఈ యాప్‌లు నాకు తెలియవు, మనవరాలి వల్ల ఈ చర్చ చదివాను. మీరు మాట్లాడుకునేది మా ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్న సంగతే.

మా రోజుల్లో పెళ్ళిచూపులకు ముందు స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగి పంపేవాళ్ళు. మా అక్కకి ఆ స్టూడియోలో ఉన్న వీణ చేతికిచ్చి తీశారు. అబ్బాయి తల్లిదండ్రులు వచ్చి "ఏదీ, ఒక కీర్తన వాయించమ్మా" అన్నారు. అక్కకి సరిగమలు కూడా రావు. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. ఆ సంబంధం కుదరలేదు. ఎందుకు కుదరలేదో మాకెవరూ చెప్పలేదు.

మా అక్క లేసు అల్లేది. మా నర్సాపురం ప్రాంతంలో ఆడవాళ్ళ చేతి లేసు ఎంత పేరున్నదో తెలిసినవాళ్ళకి తెలుసు. కళ్ళు మూసుకుని కూడా క్రోషే సూది ఆడించగలదు. ఆ చేతులతో, ఆ సూదితో ఒక్క ఫొటో కూడా లేదు. అది హాబీ అని ఎవరికీ తోచలేదు, ఇంటి పనుల్లో ఒకటి అనుకున్నారు. కాజా అమ్మాయి చెప్పిన మోసమూ, ఫొటోగ్రాఫర్ గారు చెప్పిన అన్యాయమూ మా అక్కకి రెండూ జరిగాయి. నన్నడిగితే రెండోదే పెద్దది.

డాలస్_నుంచి

అన్నా, నువ్వు ఎక్కువ టెన్షన్ పడకు. హింజ్‌లో ప్రొఫైల్ మొత్తానికి లైక్ కొట్టరు. ఏదో ఒక ఫొటో మీదో, యాప్ ప్రశ్నకి రాసిన ఒక జవాబు మీదో నొక్కి అక్కడే మాట కలుపుతారు. ఆరు ఫొటోలూ ముఖమే ఉంటే ఎదుటివాళ్ళు దేని గురించి అడగాలి? ఓకేక్యూపిడ్ అనే డేటింగ్ సైటు 2010లో తన బ్లాగులో ఏడు వేలకు పైగా ఫొటోల లెక్కలు వేసి చూసినప్పుడు కూడా, ఏదో ఆసక్తి కలిగించే పని చేస్తున్న ఫొటోలు సంభాషణ దాకా తీసుకెళ్ళడంలో ముందున్నాయి.

కాజా గారికి ఒక మాట. ఇక్కడ టెక్సస్‌లో మగాళ్ళ ప్రొఫైళ్ళ నిండా పట్టిన చేపను ఎత్తి చూపించే ఫొటోలే. అవి ఎవరూ ప్లాన్ చేసినవి కావు. వాళ్ళు నిజంగా చేపలు పట్టేవాళ్ళే. అయినా చూసేవాళ్ళకి విసుగే. కాబట్టి విసుగుకీ నిజాయితీకీ ముడిపెట్టొద్దండీ.

ఓరుగల్లు_ముగ్గు

అందరూ నిజమా నటనా అని మాట్లాడుతున్నారు. ఆడపిల్లలకు ఈ విషయంలో వేరే లెక్క ఉంటుంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నా హాబీ ముగ్గులు. సంక్రాంతికి వీధి సగం నాదే. ఆ ఫొటోలు నాకు "దానంతట దొరికినవి" చాలా ఉన్నాయి, ఒక్కటీ పెట్టలేను. మా గేటు, ఇంటి నంబరు, ఎదురింటి షాపు బోర్డు అన్నీ వాటిలో పడతాయి. ముక్కూ మొహం తెలియని వందల మందికి ఇంటి దారి చూపించినట్టే. అందుకే స్నేహితురాలి అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కొత్త ముగ్గు వేసి, వెనక ఆకాశం తప్ప ఏమీ పడకుండా తీయించుకున్నాను. చుక్కలు పెట్టింది నేనే, గీతలు కలిపింది నేనే. అది షూటింగ్ అంటే అనండి, నాకు వేరే దారి లేదు.

రోజూ ఒకే పార్కులో పరుగెత్తేవాళ్ళు, వారం వారం ఒకే క్లాసుకి వెళ్ళేవాళ్ళు కూడా ఆ చోటు గుర్తుపట్టేలా ఫొటో పెట్టకండి. ఇన్‌స్టాలో ఉన్న ఫొటోనే ఇక్కడా పెడితే, ఇమేజ్ సెర్చ్‌లో వేసి మీ పూర్తి పేరు పట్టుకోవడం పెద్ద పని కాదు. మ్యాచ్ అయినవాళ్ళకి వాట్సాప్‌లో ఫొటోని డాక్యుమెంట్‌గా పంపకండి, తీసిన చోటి లొకేషన్ కూడా అందులో వెళ్ళిపోవచ్చు. పాతరేడియో గారూ, ఎర్రగడ్డలో తీసేటప్పుడు అమ్మేవాళ్ళ ముఖాలు పడతాయి. అడిగి తీయండి. వాళ్ళు మీ ప్రొఫైల్‌కి బ్యాక్‌గ్రౌండ్ కాదు.

కాకినాడ_కాజా

ఓరుగల్లు గారూ, మీ మాటతో ఏకీభవిస్తున్నాను. భద్రత కోసం చేసే ఏర్పాటుని నేను నటన అనను. మాస్టారూ, మీ అక్కగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాతరేడియో

అందరికీ ధన్యవాదాలు. కాజా గారూ, మీ ప్రశ్నకి సూటిగా జవాబు: నేను పెద్దగా చదవను. పుస్తకం ఆలోచన మా స్నేహితుడిది, నేను వద్దనలేదు. ఇప్పుడు వద్దంటున్నాను. ఆ ఫొటో లేదు.

బల్ల దగ్గర ఫొటోకి ఒక మర్ఫీ సెట్టు ఉంది. గుయ్యిమనే రొద తప్ప మాట రావడం లేదు, డయల్ తాడు కూడా తెగింది. ఆ ఆదివారం దాని పనే చేస్తాను. పలికితే ముల్లుని 738 దగ్గర పెట్టి ఫొటో తీయిస్తాను. అది ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం మీడియం వేవ్ స్థానం. రేడియో విన్న ఇంటి అమ్మాయి ఎవరైనా అది గమనిస్తే ఇంక నేను చెప్పుకోవాల్సింది ఏమీ ఉండదు. పలకకపోతే విప్పిన సెట్టుతోనే పెడతాను. సంతలో మాత్రం అడిగి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గరే.

ఇంకొకటి అనుకుంటున్నాను. యాప్ అడిగే ప్రశ్నకి జవాబు రాసే ప్రాంప్ట్‌లో "ఈ ఫొటోలు ఒక ఆదివారం నా స్నేహితుడు కూర్చుని తీశాడు, రేడియోలు మాత్రం రోజూ ఉంటాయి" అని రాస్తే ఎలా ఉంటుంది?

కాకినాడ_కాజా

రాయండి. అలా రాస్తే బల్ల ఫొటో మీద నాకు పేచీ లేదు. నన్నడిగితే ఫొటో కోసం ప్రత్యేకంగా తీయించుకున్న ప్రతివాళ్ళూ ఆ ముక్క రాయాలి. సంత ఫొటో విషయంలో మాత్రం నా మాట మారదు. కెమెరా వెంటబెట్టుకుని వెళ్ళిన రోజు మీరు సెట్టు వెతకరు, ఫొటో వెతుకుతారు. మామూలుగా వెళ్ళిన రోజున పక్కవాళ్ళకి ఫోనిచ్చి ఒకటి తీయమనండి, చాలు.

కెమెరా_బాబాయ్

సంత గురించి కాజా గారితో ఏకీభవిస్తాను. అక్కడ ఎండ కూడా నెత్తి మీదే ఉంటుంది, ముఖం మీద నీడలు పడి ఎలాగూ బాగా రాదు. కానీ "ప్రతివాళ్ళూ రాయాలి" అన్నదానికి ఒప్పుకోను. ఓరుగల్లు అమ్మాయి ఆ టెర్రస్ సంగతి తన ప్రొఫైల్‌లో ఎందుకు రాయాలి? ముగ్గు ఆమెదే, చేతులు ఆమెవే. పాతరేడియో గారికి మనసుకు నెమ్మదిగా ఉంటుందనిపిస్తే రాసుకోనివ్వండి, అందరికీ నియమం చేయకండి.