ఆర్‌సీబీఎస్ ప్రెస్‌లో లీ డైలు: సెట్టింగ్ నిలవడం లేదు

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన పెద్దాయన, పేల్చిన తూటాల కేసుల్ని (ఖాళీ గొట్టాల్ని) ఇంట్లోనే మళ్లీ నింపుకోవడానికి వాడే తన పాత ఆర్‌సీబీఎస్ సింగిల్ స్టేజ్ ప్రెస్ (ఒకసారికి ఒక్క డై పట్టేది) ఇచ్చేశారు. నా దగ్గరున్నవి .308 రైఫిల్ తూటాకి లీ కంపెనీ డైలు, అంటే ప్రెస్‌లో బిగించే అచ్చులు. మర చక్కగానే ఎక్కింది. కానీ డై తీసి మళ్లీ బిగిస్తే సెట్టింగ్ మారిపోతోంది. డైని సెట్ చేసిన ఎత్తులో పట్టి ఉంచే లాక్ రింగ్‌కి రబ్బరు ఓ-రింగ్ ఉంది, చేయి తగిలితే చాలు తిరిగిపోతోంది. డైలు మొత్తం మార్చాలా? "గరాజ్‌లోకి ఇంకేం కొంటావ్" అని మా ఆవిడ ఇప్పటికే అంటోంది.

జవాబు: అక్కర్లేదు బ్రదర్. ఈ డైలన్నిటిదీ 7/8-14 మరే, అంటే వ్యాసం 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. హార్నడీ కంపెనీ స్ప్లిట్ రింగ్ (ఒకచోట చీలిక ఉన్న లాక్ రింగ్) వేసి, పక్క స్క్రూ బిగించండి. ఇక కదలదు.

ఇంకో జవాబు: షెల్ హోల్డర్ (ప్రెస్‌లో కేసు అడుగుని పట్టుకునే ముక్క) నంబర్ చూసుకోండి. .308కి లీ వాళ్లది 2, ఆర్‌సీబీఎస్‌ది 3, హార్నడీది 1. ప్రెస్‌లో ఏదైనా కూర్చుంటుంది కానీ ఎత్తులో వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు. హోల్డర్ మారిస్తే సైజింగ్ డై (కేసుని నొక్కి సైజుకి తెచ్చేది) మళ్లీ సెట్ చేయాల్సిందే. నేను బద్ధకించి వదిలేస్తే కేసు భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) సరిగా వెనక్కి వెళ్లలేదు. 20 రౌండ్లు, ఒక్కదానికీ రైఫిల్ బోల్ట్ మూసుకోలేదు. అన్నీ విప్పుకుంటూ కూర్చున్నా.

అడిగినవాడు: థాంక్స్. మూడు రింగులు ఆర్డర్ పెట్టా. ఇంట్లో వాషర్లని చెప్పా.