అప్‌డేట్: బట్టీల పిల్లలు, మా బడి

చానామంది ఏమైందని అడుగుతున్నరు కాబట్టి రాస్తున్న. గుర్తులేనోళ్లకి: పెద్దపల్లి దగ్గర మా సర్కారు బడికి ఇటుక బట్టీల ఒడియా పిల్లలొచ్చిన్రు, బలంగీర్, నువాపడ దిక్కు నుంచి, నోరు తెరవకుండ వెనకనే కూసుంటున్రు ఏం చేయాలె అని అడిగిన.

ముందు అడ్మిషన్. టీసీ లేదని ఆగింది గదా, మీలో ఒకరు చెప్పిన 2009 విద్యాహక్కు చట్టం పాయింటే పనికొచ్చింది, టీసీ లేటయిందనో వయసు కాయితం లేదనో చేర్చుకోకుండ ఉండొద్దని అందులో క్లియర్‌గా ఉంది, హెడ్మాస్టర్ సార్‌కి చూపిస్తే వెంటనే పేర్లెక్కినయ్.

ట్రాన్స్‌లేషన్ యాప్ మాత్రం పెద్దగా పనిచేయలే, ఎందుకంటే వీళ్లు ఇంట్ల మాట్లాడేది సంబల్‌పురి, యాప్‌ల వచ్చేది పుస్తకాల ఒడియా. దానికన్నా పోయిన సీజన్‌లో కూడ వచ్చి తెలుగు నేర్చుకున్న పోరడు మా మాట వాళ్లకి, వాళ్ల మాట మాకు చెప్తే నయం, కాకపోతే వాడి సొంత చదువు పోకుండ చూస్కోవాలె.

ఇంకోటి, మూడో తరగతి పిల్ల పలక మీద ఏవో గీతలు గీస్తుందనుకున్నం, తీరా చూస్తే ఒడియా అంకెలతో మూడంకెల తీసివేత, అప్పు తెచ్చుకుని మరీ కరెక్టుగా చేసింది! ఇప్పుడు ఆ అంకెలు గోడ చార్టు మీద 1, 2, 3 పక్కనే ఉన్నయ్, మా పిల్లలు గూడ రాస్తున్రు.

ఎండాకాలం అయిపోంగనే వీళ్లంతా ఊరికి పోతరు. ఒడిశా బడుల సంగతి తెలిసినోళ్లుంటే, హాజరు, మార్కుల కాయితం ఎట్ల రాసిస్తే అక్కడ తీసుకుంటరో చెప్పున్రి.