స్కిల్ టెస్ట్‌లో థ్రాటిల్ లాగి చూడాల్సిందేనా? ఎంత ఎత్తు దాకా?

రేణిగుంట రన్‌వే

పైలట్ కోర్సుకు వెళ్లే పిల్లలు, వాళ్లను పంపే తల్లిదండ్రులు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. అందుకే ఈ విషయం ఇక్కడ పెడుతున్నాను. లైసెన్సు కోసం గాల్లో పెట్టే స్కిల్ టెస్ట్‌లో ఎగ్జామినర్ థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచే, తగ్గించే మీట) లాగి, ఇంజన్ పోయినట్టు చేసి చూస్తాడు. దాని గురించే. మొన్న ఒకాయన "టెస్ట్ రోజు ఎగ్జామినర్ పక్కనే ఉంటాడు, ఇంక భయమెందుకు" అని రాశారు. నేను ఒప్పుకోను. ఆ రోజు విమానంలో ఇద్దరు పైలట్లు ఉండటమే ఒక్కోసారి ప్రమాదం తెస్తుంది.

ఒక ఫ్లయింగ్ స్కూల్లో సెస్నా 172 అనే చిన్న విమానం వెనక సీట్లో కూర్చుని ఒక చెక్ ఫ్లైట్ (అభ్యర్థిని పరీక్షించే ఫ్లైట్) చూశాను. మూడు వేల అడుగుల దగ్గర పరీక్షించే సార్ థ్రాటిల్ వెనక్కి లాగి "ఇంజన్ పోయింది, ఏం చేస్తావ్?" అన్నారు. అబ్బాయి స్పీడు సరిచేసుకున్నాడు, పొలం చూసుకున్నాడు, చెక్‌లిస్టు పైకి చదివాడు. ఎక్కడా తడబడలేదు. వెయ్యి అడుగులు వచ్చాయి, ఐదు వందలు వచ్చాయి. సార్ చెప్తే పైకి లేపుదామని అబ్బాయి ఆగాడు. వాడే లేపుతాడేమో చూద్దామని సార్ ఆగారు. కింద వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు లేచి నిలబడి మావైపు చూడటం నాకు కిటికీలోంచి కనిపించింది. అప్పుడు ఇద్దరి చేతులూ ఒకేసారి థ్రాటిల్ మీద పడ్డాయి. ఇంజన్ ఒక్క క్షణం గుక్క పట్టి అందుకుంది. దిగాక ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. "ఆయన చెప్తారనుకున్నా" అన్నాడు అబ్బాయి. "వాడు చేస్తాడనుకున్నా" అన్నారు సార్.

నా వాదన ఇది. ఏ ఎత్తు దగ్గర వ్యాయామం ఆపేయాలో నేల మీద ఉండగానే అంకెతో సహా చెప్పుకోవాలి. ఆ ఎత్తు దాకా వచ్చాక లేపడం అభ్యర్థి బాధ్యత. అంతకు ముందే వదిలేసినా దాన్ని తప్పుగా లెక్కేయకూడదు.

చిత్తూరు పాత ఇన్‌స్ట్రక్టర్

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ మందు వేరే రోగానికి వేస్తున్నావు. ఇంజన్ ముందే చెప్పి ఆగదు. అన్నీ ముందే చెప్పేసి పెట్టే టెస్ట్‌లో అభ్యర్థి వచ్చింది అప్పజెప్తాడు, అంతే. వాడి చేతుల్లో ఏముందో తెలియదు.

2009 ఫిబ్రవరిలో అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 అనే ప్రయాణికుల విమానం కూలింది. విమానంలో 49 మంది, కింద ఇంట్లో ఒకరు చనిపోయారు. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) హెచ్చరిక వచ్చినప్పుడు ముక్కు కిందికి దించాల్సిన కెప్టెన్ కాలమ్‌ను (ముక్కును పైకీ కిందికీ కదిపే కంట్రోల్) వెనక్కి లాగాడు. అంతకుముందు ఆయన చెక్ రైడ్‌లు (నైపుణ్య పరీక్షలు) ఒకటి కంటే ఎక్కువసార్లు తప్పాడని దర్యాప్తులో తేలింది. మనం టెస్ట్‌ను మెత్తబరిస్తే దాని ఖరీదు కట్టేది ఎవరో తెలియని ప్రయాణికులు. అభ్యర్థికి కాస్త చెమట పట్టాలి. ఎగ్జామినర్ చివరిదాకా చూడాలి.

రేణిగుంట రన్‌వే

సార్, చివరిదాకా చూడటం వల్ల ఏమైందో మన దేశంలోనే ఉంది. 1994 మార్చి 8న ఢిల్లీ ఎయిర్‌పోర్టులో సహారా సంస్థ బోయింగ్ 737 శిక్షణలో ల్యాండింగులు, టేకాఫ్‌లు చేస్తోంది. టేకాఫ్‌లో ఒక ఇంజన్ పోయినట్టు ఇన్‌స్ట్రక్టర్ చేశారు. ట్రైనీ తప్పు వైపు రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే కాలి పెడల్) తొక్కాడు. విమానం తిరగబడి, పార్క్ చేసి ఉన్న రష్యన్ ఇల్యూషిన్ విమానం మీద పడింది. లోపలున్న నలుగురూ పోయారు, కింద ఉన్నవాళ్లూ పోయారు. ట్రైనీ తప్పుతో పాటు, ఇన్‌స్ట్రక్టర్ తన కాలిని రడ్డర్ దగ్గర కాపలా పెట్టుకోలేదని కూడా దర్యాప్తు చెప్పింది. ఇంజన్ నిజంగా చెడిపోలేదు సార్. పరీక్ష పెట్టినందుకు పోయారు.

అమెరికాలో 1967 మార్చి 30న డెల్టా సంస్థ డీసీ-8 కూడా ఇలాంటిదే. న్యూ ఆర్లియన్స్ దగ్గర రెండు ఇంజన్లు లేనట్టు అప్రోచ్ (రన్‌వే వైపు దిగడం) చేయిస్తుండగా ఒక మోటెల్ మీద పడింది. విమానంలో ఆరుగురు, నేల మీద 13 మంది. పెద్ద విమానాల్లో ఈ వ్యాయామాలు దాదాపుగా ఇప్పుడు సిమ్యులేటర్లో జరుగుతున్నాయి. చిన్న విమానాల్లో మాత్రం ఇంకా గాల్లోనే చేస్తున్నాం. అందుకే హద్దులు ఇక్కడ ఇంకా గట్టిగా ఉండాలి.

పుత్తూరు ట్రైనీ

అన్నా, నేను ట్రైనీని, అమ్మాయిని. ఈ ఇద్దరూ ఆగిపోవడం ఎందుకు జరుగుతుందో మా వైపు నుంచి చెప్తాను. ఎగ్జామినర్ కంట్రోల్స్ అందుకోవాల్సి వచ్చిందంటే టెస్ట్ పోయినట్టే అని మొదటి రోజు నుంచీ మా బుర్రల్లో ఉంటుంది. అమెరికా ప్రమాణాల్లోనూ, భద్రత కోసం ఎగ్జామినర్ జోక్యం చేసుకుంటే ఆ అంశం తప్పినట్టే. అందుకని "సార్, మీరు తీసుకోండి" అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. మళ్లీ టెస్ట్ అంటే మళ్లీ ఫీజు, మళ్లీ డేట్ కోసం వెయిటింగ్. ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసి చెప్పడం అన్నిటికంటే కష్టం.

ఇంకొకటి. అమెరికాలో కమర్షియల్ టెస్ట్‌లో పవర్ లేకుండా 180 డిగ్రీలు తిరిగి, అనుకున్న చోట దిగే వ్యాయామం ఉంది. గుర్తు కంటే ముందు తాకకూడదు, 200 అడుగులు దాటకూడదు. ఎత్తు చాలదని తెలిసినా గుర్తు దాకా ఎలాగైనా తీసుకెళ్లాలని ముక్కు పైకి ఎత్తుతాం. స్పీడు పడిపోతుంది. స్టాల్ హార్న్ చిన్నపిల్లల బూరలా మోగడం మొదలవుతుంది. అక్కడ పవర్ ఇచ్చి లేచిపోవడమే సరైన పని అని పుస్తకంలో చదివినవాళ్లమే, అయినా చెయ్యి కదలదు.

శ్రీకాళహస్తి నాన్న

మా వాడు వచ్చే నెల టెస్ట్‌కు వెళ్తున్నాడు. ఇల్లు బ్యాంకులో పెట్టి చదివిస్తున్నాం. మీరంతా రాసింది చదివి నిద్ర పట్టలేదు. నాకు ఒకటే తెలియాలి. టెస్ట్ రోజు విమానానికి బాధ్యుడు మా వాడా, ఆ సారా?

రేణిగుంట రన్‌వే

మంచి ప్రశ్న అడిగారు అన్నా. అమెరికాలో 61.47 నిబంధన ప్రకారం, ముందుగా వేరే ఒప్పందం లేకపోతే టెస్ట్‌లో ఎగ్జామినర్ పైలట్ ఇన్ కమాండ్ (విమానానికి బాధ్యుడు) కాదు. ఆయన చూడటానికి కూర్చున్నవాడు. మన దగ్గర మీ స్కూల్ వాళ్లను, ఆ ఎగ్జామినర్‌ను ముందే అడిగి తెలుసుకోమని మీ అబ్బాయికి చెప్పండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. కంట్రోల్స్ చేతులు మారేటప్పుడు మూడు మాటలుంటాయి: "నువ్వు తీసుకో", "నేను తీసుకున్నాను", "సరే, నీ దగ్గరే ఉన్నాయి". రెండో మాట వినిపించేదాకా మొదటివాడు చెయ్యి తీయకూడదు. టెస్ట్ రోజు కూడా ఇది గట్టిగా పలకాల్సిందే.

తిరుపతి ఏరో మెకానిక్

మీరంతా మనుషుల గురించే మాట్లాడుతున్నారు. యంత్రం సంగతి కూడా కాస్త వినండి.

సెస్నా 152లో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ ఉంటుంది. థ్రాటిల్ మూసి చాలాసేపు కిందికి దిగితే, పెట్రోలు ఆవిరయ్యే చోట ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీల మేర తగ్గిపోవచ్చు. గాల్లో తేమ ఉంటే మన ఎండల్లో కూడా లోపల మంచు కడుతుంది. పరీక్ష కోసం ఆపిన ఇంజన్ మళ్లీ పవర్ ఇచ్చినప్పుడు అందుకోకపోవడానికి ఇదొక కారణం. కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపే మీట) ముందే లాగాలి, దిగుతూ మధ్యమధ్యలో కాస్త పవర్ ఇచ్చి ఇంజన్‌ను వెచ్చగా ఉంచాలి. కొత్త 172లలో కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ ఉంది కాబట్టి ఈ గొడవ లేదు. మిక్స్చర్ కోసి, ఫ్యూయల్ సెలెక్టర్ మూసి, అంటే ఇంజన్‌కు పెట్రోలే ఆపేసి, "ఇప్పుడు చూడు" అనే ఎగ్జామినర్లంటే మాత్రం నాకు కోపం. ఆ క్షణం నుంచి అది నటన కాదు, నిజమైన ఫెయిల్యూరే.

రెండోది ఎండ. రేణిగుంట ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీలు కొడుతున్నప్పుడు విమానం అక్కడ మూడు వేల అడుగులు దాటిన చోట ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఇంజన్ బలం తగ్గుతుంది, రెక్కల కింద గాలి పలచన. జనవరి పొద్దున ఐదు వందల అడుగుల దగ్గర లేపితే సరిపోయే విమానానికి మే మధ్యాహ్నం అది చాలకపోవచ్చు. కాబట్టి ఆ అంకె కూడా రోజును బట్టి మారాలి.

రెండు ఇంజన్ల విమానాల్లో ఇంకో చిక్కు ఉంది. ఒక ఇంజన్ పోయాక రడ్డర్‌తో విమానాన్ని తిన్నగా నడపగలిగే కనీస వేగం ఒకటి ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ మామూలు ఇంజన్ బలం తగ్గి, ఆ వేగమూ తగ్గుతుంది. మీటరు మీద కనిపించే స్టాల్ వేగం మాత్రం తగ్గదు. ఎక్కడో రెండూ ఒకచోట కలుస్తాయి. అక్కడ ఒక ఇంజన్‌తో వేగాన్ని ఆ కనీసం దాకా తగ్గించే వ్యాయామం చేయిస్తే పక్కకు తిరగడం, స్టాల్ అవడం ఒకేసారి జరిగి స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి) పడుతుంది. ఎత్తులో ఉన్నాం కదా అని ధైర్యపడటానికి లేదు. తిరగడం కనబడినా, హార్న్ మోగినా, విమానం వణికినా ఏది ముందొస్తే అక్కడే ఆపేయాలి.

చిత్తూరు పాత ఇన్‌స్ట్రక్టర్

మెకానిక్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సెలెక్టర్ మూయడం నేను ఏనాడూ చేయలేదు. ఆపే ఎత్తు ముందే చెప్పుకోవాలన్నదీ ఒప్పుకుంటున్నాను. కానీ ఇంజన్ ఎప్పుడు తీస్తానో మాత్రం చెప్పను. అలాగే టేకాఫ్ అయ్యాక ఐదు వందల అడుగుల దగ్గర తీసి చూసే హక్కు ఎగ్జామినర్‌కు ఉండాలి. వెనక్కి రన్‌వే వైపు తిరుగుతాడా, ముందుకే దిగుతాడా అన్నది పైలట్ బుద్ధిని చూపించే పరీక్ష. అది తీసేస్తే ఏం మిగులుతుంది?

రేణిగుంట రన్‌వే

ఎప్పుడు తీస్తారో చెప్పనక్కర్లేదు సార్, ఆ మాటకు నేనూ కట్టుబడతాను. ఐదు వందల అడుగుల విషయంలో మాత్రం ఒప్పుకోలేను. భయపడి వెనక్కి తిరిగే కుర్రాడు రెక్కను బాగా వాలుస్తాడు. 60 డిగ్రీల వాలులో ఎత్తు నిలుపుకోవాలని కాలమ్ లాగితే స్టాల్ వేగం 41 శాతం పెరుగుతుంది. ఐదు వందల దగ్గర స్పిన్ మొదలైతే పక్కన ఎంత గొప్ప ఎగ్జామినర్ ఉన్నా తేల్చడానికి చోటు లేదు. అమెరికాలో 1949లోనే ప్రైవేట్ పైలట్‌కు స్పిన్ శిక్షణ తప్పనిసరి కాదని తీసేసి, ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునేవాళ్లకు మాత్రం ఉంచారు. అయినా అక్కడ పైలట్లను తయారు చేయడం ఆగలేదు.

మీరు చూడాలనుకున్న బుద్ధిని పైన కూడా చూడొచ్చు. నాలుగు వేల అడుగులను నేల అనుకుందాం. అక్కడి నుంచి టేకాఫ్‌లాగా ఎక్కించి, నాలుగు వేల ఐదు వందల దగ్గర థ్రాటిల్ లాగండి. కుర్రాడు వెనక్కి తిరిగి నాలుగు వేల కిందికి వెళ్తే, నేలకు తగిలినట్టే లెక్క. ఫెయిల్ చేయండి, నేను నోరెత్తను. వాడు రేపు మళ్లీ టెస్ట్ రాస్తాడు.