తెలుగు సబ్‌టైటిల్స్ టీవీల ఒత్తులు విడిపోయి పడ్తున్నయ్, జర చెప్పుండ్రి

అన్నలు, అక్కలు, మాది మిర్యాలగూడ దగ్గర. మా తమ్ముడు ఇంటర్ అయిపోయి హైదరాబాద్ పోతుండు, పోవాల్నా వద్దా అని రోజూ అమ్మతోని అదే ముచ్చట. వాడు పోకముందే జార్జ్ లూకాస్ 1973ల తీసిన అమెరికన్ గ్రాఫిటీ సినిమా వానికి చూపియ్యాలని నాకు మస్తు ఉన్నది. 1962ల కాలిఫోర్నియాల మోడెస్టో అనే ఊర్ల ఒక్క రాత్రి కథ, తెల్లారితే కాలేజీకి పోవాల్సిన కర్ట్ పోవాల్నా ఉండాల్నా అనుకుంట రాత్రంత ఊర్లనే తిరుగుతడు, అచ్చం మావోని లెక్కనే. వానికి ఇంగ్లీష్ అంత స్పీడ్‌గ అర్థం కాదని నేనే కూసోని తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్న.

ల్యాప్‌టాప్‌ల వీఎల్‌సీ వీడియో ప్లేయర్ల మంచిగనే కనిపిస్తున్నయ్, పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే మాత్రం "స్కూల్"ల క ఒత్తు విడిపోయి పక్కకు పడ్తున్నది, కొన్నిచోట్ల ఒట్టి డబ్బాలే. ఫైల్ యూటీఎఫ్-8లనే (తెలుగు అక్షరాలు పట్టే ఎన్‌కోడింగ్) సేవ్ చేసిన. అక్షరాలు వీడియోలనే కలిపేసుడు తప్ప వేరే దారి లేదా, కలిపితే ఏ ఫాంట్ మంచిది?

ఇంకోటి, సినిమా అంత కార్ల రేడియోలల్ల పాటలు నడుస్తనే ఉంటయ్, వాటికి గూడ తెలుగు రాయాల్నా? రేడియోల పాటలేసే డీజే వుల్ఫ్‌మన్ జాక్ మాటలైతే నాకు వదలబుద్ధి అయితలేదు. ఇట్ల చేసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.